సైకాలజీ తీసుకుంటానంటే ఇంట్లో ఏం చెప్పాలి?

రాజంపేటలో ఇంటర్‌ ఫలితాలు వచ్చిన వారం ఏ ఇంటి ముందు నిలబడినా వినిపించే దారులు మూడే. మార్కులు బాగుంటే బోయనపల్లె ఇంజనీరింగు కాలేజీ, బైపీసీ అయితే నర్సింగో ఫార్మసీయో, ఏదీ కుదరకపోతే పాస్‌పోర్టు చేయించుకుని కువైటు. వీటి మధ్యలో ఎవరైనా "నేను సైకాలజీ చదువుతా" అంటే ఇంట్లో కాసేపు ఎవరికీ మాట రాదు. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు మాత్రం అన్ని ఇళ్లలోనూ ఒకటే. "అదేం సదువు? పిచ్చోళ్లకు మందులిచ్చే సదువా? అది సదివితే ఉద్యోగం యాడొస్తాది?"

ఈ ప్రశ్నలకు చిన్నబుచ్చుకోకండి. అప్పు తెచ్చి చదివించే మనిషి అడగాల్సినవే అవి. జవాబు చెప్పాల్సింది మీరు. ఆ జవాబు ఎలా తయారు చేసుకోవాలో చూద్దాం. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. సైకాలజీ మంచి చదువే, కానీ మూడేళ్లలో ముగిసేది కాదు. డిగ్రీ దగ్గరే ఆగేవాళ్లకు అది ఇచ్చేది తక్కువ. ఆరేడేళ్లు ఓపిక పట్టగలిగిన వాళ్లకు, అదీ తెలుగు నేల మీద పనిచేయడానికి సిద్ధపడ్డవాళ్లకు, ఇచ్చేది చాలా ఎక్కువ.

మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. మందులు రాసేది సైకియాట్రిస్టు. ఆయన ఎంబీబీఎస్‌ చేసి, ఆపైన మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. సైకాలజిస్టు మందులు రాయడు, రాయకూడదు. మాటలతో, పరీక్షలతో, ఒక పద్ధతి ప్రకారం సాగే చికిత్సలతో పనిచేస్తాడు. మంచి ఆసుపత్రిలో ఇద్దరూ ఉంటారు, ఒకే మనిషిని ఇద్దరూ చూస్తారు. ఈ తేడా రెండు ముక్కల్లో చెప్పగలిగితే ఇంట్లో సగం గొడవ అక్కడే తీరుతుంది.

రెండో అపోహ ఇంట్లోవాళ్లది కాదు, మీది. మన తెలుగునాట సైకాలజీ అనగానే చాలామందికి గుర్తొచ్చేది బి.వి.పట్టాభిరామ్‌ హిప్నాటిజం ప్రదర్శనలు, లేదంటే యండమూరి 'విజయానికి ఐదు మెట్లు'. ఇంకాస్త పెద్దవాళ్లు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కోనేరు రామకృష్ణారావు నెలకొల్పిన పారాసైకాలజీ విభాగాన్ని తలుచుకుంటారు. అమెరికాలో డ్యూక్‌ విశ్వవిద్యాలయంలో జె.బి.రైన్‌ దగ్గర పనిచేసి వచ్చిన పండితుడాయన, 2011లో పద్మశ్రీ అందుకున్నారు. వీళ్లందరి వల్లా జనానికి మనసు మీద ఆసక్తి పెరిగింది, కాదనను. అయితే వ్యక్తిత్వ వికాస పుస్తకాలు, మీ చేతిలో ఉన్న ఈ పుస్తకంతో సహా, చదివి ఇదే సైకాలజీ అనుకుని చేరినవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే కంగు తింటారు.

అక్కడ ఎదురయ్యేవి లెక్కలు. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్‌ వుంట్‌ ప్రయోగశాల పెట్టిన నాటి నుంచి ఈ శాస్త్రం కొలతల మీదే నడుస్తోంది. ల్యాబులో చేతిని కనపడకుండా కప్పేసి, అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం గీయమంటారు. సమానంగా ఉన్న రెండు గీతల్లో ఒకటి పొడుగ్గా ఎందుకు కనిపిస్తోందో, ఎంత తేడాతో కనిపిస్తోందో కొలవమంటారు. అర్థంలేని అక్షరాల జాబితా బట్టీ పట్టించి, గంటకు ఎంత మరిచిపోయారో, మర్నాటికి ఎంత మరిచిపోయారో గ్రాఫు వేయిస్తారు. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం, టీ-టెస్టు ఏ ఏడాదీ వదలవు. మెదడు, నాడీకణాల పాఠాలు బైపీసీ వాళ్లకు తేలిక, సీఈసీ, హెచ్‌ఈసీ వాళ్లు కొంచెం కష్టపడాలి. లెక్కలు తప్పించుకుందామని ఆర్ట్స్‌ వైపు వచ్చేవాళ్లు వేరే సబ్జెక్టు చూసుకోవడం మేలు. పదో తరగతి లెక్కలు భయం లేకుండా చేయగలిగితే మాత్రం ఇక్కడి గణాంకాలు లొంగుతాయి. పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిషులో ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లు తెలుగు అకాడమీ పుస్తకంతో మొదలుపెట్టి, అదే పాఠాన్ని ఇంగ్లిషులో మళ్లీ చదివితే ఏడాదిలో దారిలో పడతారు.

చట్టం గీసిన గీత

ఈ అధ్యాయంలో మిగతాది మరిచిపోయినా ఫరవాలేదు, ఈ భాగం మరవకండి. ఏటా ఎందరో పిల్లలు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

'క్లినికల్‌ సైకాలజిస్టు' అనేది ఎవరంటే వాళ్లు బోర్డు మీద రాసుకునే పేరు కాదు. 1992 నాటి రీహాబిలిటేషన్‌ కౌన్సిల్‌ చట్టం ప్రకారం ఆ కౌన్సిల్‌, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు చేసి, కేంద్ర రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకోవాలి. పేరు లేకుండా పనిచేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్‌ సైకాలజిస్టు ఎవరో విడిగా నిర్వచించింది. బీఏ సైకాలజీ, ఎంఏ సైకాలజీ రెండూ చేసినా ఆ నిర్వచనంలోకి రారు. ఎంఏ తర్వాత రెండేళ్లు ఆసుపత్రిలో రోగులను చూస్తూ, పెద్దవాళ్ల పర్యవేక్షణలో చేసే ఎం.ఫిల్‌ ఇన్నాళ్లూ ఆ గీత దాటించే ప్రధాన దారి. ఇప్పుడు ఆ దారి ముగింపుకు వచ్చింది. కొత్త విద్యావిధానంలో ఎం.ఫిల్‌ డిగ్రీయే పోతుండగా, క్లినికల్‌ సైకాలజీకి మాత్రం యూజీసీ 2025-26 దాకా వెసులుబాటు ఇచ్చింది. దాని స్థానంలోకి ఆర్‌సీఐ నాలుగేళ్ల బీఎస్సీ క్లినికల్‌ సైకాలజీ ఆనర్స్‌, పీజీ స్థాయిలో ఎంఏ క్లినికల్‌ సైకాలజీ, ఆపైన సై.డి. (డాక్టర్‌ ఆఫ్‌ సైకాలజీ) తెచ్చింది. మీకంటే నాలుగేళ్లు ముందు చదివిన అక్కనో అన్ననో అడిగితే వాళ్లు చెప్పేది పాత దారి. ఆర్‌సీఐ వెబ్‌సైటులో ఆ ఏటి గుర్తింపు కాలేజీల జాబితా చూసి, మీరు చేరాలనుకున్న కోర్సు పేరు అందులో ఉంటేనే ఫీజు కట్టండి.

ఆసుపత్రి వైపు కాకుండా కౌన్సెలింగు వైపు వెళ్లేవాళ్ల కోసం ఇంకో చట్టం వచ్చింది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్‌ చట్టం, ఆర్‌సీఐ పరిధిలోకి రాని సైకాలజిస్టులను కూడా ఆరోగ్య వృత్తుల కిందికి తెచ్చింది. దాని ప్రభావం అప్పుడే మన ఊళ్ల దాకా వచ్చేసింది. ఆ చట్టం పరిధిలో ఉన్న కోర్సులను, సైకాలజీతో సహా, 2025 జులై-ఆగస్టు విద్యాసంవత్సరం నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని యూజీసీ ఆదేశించింది. అంతకు ముందు రాజంపేటలో ఏదో పని చేసుకుంటూ ఇగ్నో ద్వారా ఎంఏ సైకాలజీ కట్టుకోవడం చాలామందికి అందుబాటులో ఉన్న మార్గం. ఇప్పుడు అది మూతపడింది. పేద పిల్లలకు ఇది దెబ్బే, అందులో అనుమానం లేదు. అయినా మనిషి ఎదురుగా కూర్చుని నేర్చుకోవాల్సిన పనిని పోస్టులో వచ్చే పాఠాలతో నేర్పలేమన్న వాదన కూడా కొట్టిపారేయదగ్గది కాదు. మీ పని మాత్రం ఒకటే. ఎవరైనా ఇంకా "దూరవిద్యలో ఎంఏ సైకాలజీ సీటుంది" అంటే నమ్మకండి. వారాంతపు తరగతులతో ఆరు నెలల్లో 'సర్టిఫైడ్‌ సైకోథెరపిస్టు' చేస్తామనే ప్రకటనలను అసలు నమ్మకండి.

ఎక్కడ చదవాలన్నది దీనికంటే చిన్న ప్రశ్న. దగ్గర్లోని డిగ్రీ కాలేజీలన్నింటిలోనూ సైకాలజీ మేజర్‌గా దొరకదు కాబట్టి డిగ్రీ ఆన్‌లైన్‌ ప్రవేశాల్లో ఐచ్ఛికాలు పెట్టేటప్పుడు కాలేజీ పేరు చూసి కాక సబ్జెక్టు చూసి పెట్టండి. పీజీకి మనకు అన్నిటికంటే దగ్గర తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం. విశాఖలో ఆంధ్ర, హైదరాబాద్‌లో ఉస్మానియా పాతకాలం నుంచి పేరున్న విభాగాలు. హైదరాబాద్‌ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హెల్త్‌ సైకాలజీ ఉంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల వైపు చూసేవాళ్లు సీయూఈటీ రాయాలి. తర్వాతి శిక్షణకు బెంగళూరు నిమ్హాన్స్‌ అందరి కల, సీట్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేవే. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల వైపు ఆసక్తి ఉంటే సికింద్రాబాద్‌ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీని మొదట చూడండి.

ఉద్యోగం యాడొస్తాది?

మన మండలంలోనే మొదలుపెడదాం. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అక్కడ చదువు, ఫిజియోథెరపీ ఉంటాయి. ఆ పిల్లలకు చెప్పే టీచర్లకు ఆర్‌సీఐ గుర్తింపున్న స్పెషల్‌ బీఈడీయో డిప్లొమానో కావాలి. సైకాలజీ డిగ్రీ మీద స్పెషల్‌ బీఈడీ చేయడం, ఎంఏ దాకా ఆగలేని ఇళ్లకు నాకు తెలిసిన నమ్మకమైన దారి.

తర్వాత వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం శిబిరం. ఒక పిల్లాడికి బుద్ధిమాంద్యం ఉందని, ఎంత శాతం ఉందని తేల్చాలంటే మానసిక పరీక్షలు కావాలి. ఆ శాతం మీదే నెలకు 6,000 రూపాయల పింఛను వస్తుందా రాదా అన్నది ఆధారపడుతుంది. పరీక్షలు మన దేశానికి తగ్గట్టు మార్చినవి ఉన్నాయి. బినే పరీక్షను వి.వి.కామత్‌ మన పిల్లలకు సరిపడేలా మార్చారు. చదువురాని వాళ్లకోసం సి.ఎం.భాటియా 1955లో మాటలతో పనిలేకుండా ముక్కలు పేర్చడం, బొమ్మలు కలపడం వంటి పరీక్షలు తయారు చేశారు. అయినా పుల్లంపేట పల్లె నుంచి వచ్చిన పిల్లాడిని "నీ వయస్సు ఎంత, ఈ రెండింటిలో సామ్యమేమి?" అని గ్రాంథికంగా అడిగితే వాడు నోరు తెరవడు. "ఏం నాయనా, ఈ రెండూ ఒకే మాదిరి ఉండాయా, తేడా ఉందా?" అనగలిగిన పరీక్షకుడికే వాడి నిజమైన తెలివి కనపడుతుంది. తక్కువ మార్కు వేస్తే పిల్లాడి చదువు పోతుంది, ఎక్కువ వేస్తే పింఛను పోతుంది. ఇంత బరువైన పనికి ఈ ప్రాంతపు యాస తెలిసినవాళ్లు కావాలి. ఉర్దూ కూడా వస్తే రాజంపేట, రాయచోటి వైపు మీకు తిరుగుండదు.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, ప్రభుత్వాసుపత్రుల్లోని హెచ్‌ఐవీ కౌన్సెలింగు కేంద్రాలు, కౌమార ఆరోగ్య కేంద్రాలు, గృహహింస బాధితుల కోసం ఉన్న వన్‌స్టాప్‌ సెంటర్లు, జిల్లా బాలల సంరక్షణ విభాగాలు, మద్యం మాన్పించే కేంద్రాలు: వీటన్నింటిలో కౌన్సెలర్‌ పోస్టులుంటాయి. ఎక్కువ కాంట్రాక్టువే, జీతం ఆలస్యమయ్యేవే. ఈ మాట ఇంట్లో దాచకండి. అయితే రెండు మూడేళ్లు అక్కడ చేసిన పని మీకు ఏ యూనివర్సిటీ నేర్పనిది నేర్పుతుంది. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్‌ సేవ టెలిమానస్‌ 14416 నంబరుకు రాత్రీ పగలూ ఫోన్లు వస్తాయి, తెలుగులో మాట్లాడేవాళ్లు అక్కడా కావాలి.

ఇక బళ్లు, కాలేజీలు. విశాఖపట్నంలో నీట్‌ శిక్షణకు చేరిన ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్‌ వర్కర్‌నో కనీసం ఒక్కరినైనా పెట్టుకోవాలంది. మన దగ్గర ఇంటర్‌ రెసిడెన్షియల్‌ కాలేజీలు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ మాట ఎంతవరకు అమలవుతుందో చూడాలి. కొన్ని కాలేజీలు లెక్చరర్‌కే ఒక కుర్చీ వేసి 'కౌన్సెలర్‌' అని బోర్డు తగిలిస్తాయి కూడా. అయినా కోర్టు తీర్పు ఉన్నప్పుడు అర్హత ఉన్న మనిషికి అడిగే హక్కు ఉంటుంది. ఎంఏ తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల గైడెన్స్‌-కౌన్సెలింగు డిప్లొమా చేసినవాళ్లు బళ్లవైపు ధైర్యంగా వెళ్లవచ్చు.

చెయ్యేరు, కువైటు

పాఠ్యపుస్తకంలో ఉన్నదంతా ఎక్కడో జరిగినట్టే ఉంటుంది. రాజంపేట పిల్లలకు ఆ ఇబ్బంది ఉండనక్కర్లేదు.

2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి. పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగిన నీళ్లన్నీ వచ్చి పడి, తెల్లారేసరికి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లె, తొగూరుపేట, గుండ్లూరు మీద చెయ్యేరు పడింది. మనుషులు పోయారు, పశువులు పోయాయి, పొలాల మీద ఇసుక మేట వేసింది. కూలిన ఇళ్లకూ చచ్చిన గొడ్లకూ అధికారులు లెక్క రాస్తారు. మబ్బు పట్టినప్పుడల్లా నిద్ర పట్టని మనిషి ఆ లెక్కల్లోకి రాడు.

అలాంటి చోటికి సైకాలజీ చదివిన విద్యార్థి వెళ్తే ఏం చేయాలి? చాలామంది అనుకునేది, బాధితుల్ని కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించి ఏడిపిస్తే గుండె బరువు దిగుతుందని. ఆ పద్ధతి ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు వద్దంటున్నారు, బలవంతంగా తవ్వడం వల్ల కొందరికి మేలు కంటే కీడే జరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో చెప్పింది మూడు మాటలు: చూడు, విను, కలుపు. ముందు ప్రమాదం ఏముందో, ఎవరు ఎక్కువ కుంగిపోయి ఉన్నారో చూడాలి. చెప్పాలనుకున్నవాళ్లు చెప్పింది వినాలి, చెప్పని వాళ్ల పక్కన ఊరికే కూర్చోవాలి. అన్నం, దుప్పటి, తప్పిపోయిన వాళ్ల సమాచారం, డాక్టరు, వీఆర్వో, బంధువుల ఫోను, ఏది కావాలో దానితో కలపాలి. చాలామంది తమవాళ్ల మధ్య నెమ్మదిగా కోలుకుంటారు. వారాలు గడిచినా నిద్రలేక, అదే దృశ్యం కళ్లముందు ఆడుతూ, పనిలోకి పోలేని వాళ్లను గుర్తుపట్టి ఆసుపత్రికి పంపాలి. ఇది డిగ్రీ విద్యార్థి కూడా నేర్చుకుని చేయగలిగిన పని. కోస్తాలో తుపాన్లు, మనకు వరదలూ కరువులూ తప్పనివి కాబట్టి మొదటి ఏడాదిలోనే నేర్చుకోండి.

కువైటు సంగతి ఇంకా లోతైనది. ఇంటిపనికి గల్ఫ్‌ వెళ్లే ఆడవాళ్లకు ముప్ఫయ్యేళ్లు నిండాలన్నది మన ప్రభుత్వ నిబంధన. అంటే చట్టప్రకారం వెళ్లేవాళ్లలో చాలామంది అప్పటికే తల్లులై ఉంటారు. పిల్లలు అవ్వ దగ్గరో జేజి దగ్గరో పెరుగుతారు. తల్లి ఫోన్లో రోజూ కనిపిస్తుంది, రెండేళ్లకోసారి పెట్టె నిండా సామాన్లతో వస్తుంది, మళ్లీ వెళ్లిపోతుంది. తల్లీబిడ్డల బంధం మీద మీరు చదివే జాన్‌ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిన నివేదికకు ఆధారం యుద్ధం తర్వాతి ఐరోపాలో ఇల్లు కోల్పోయిన పిల్లలు. మన పిల్లలకు తల్లి దూరమైంది గానీ పోలేదు, అవ్వ ఉంది, పిన్నమ్మ ఉంది, డబ్బు కూడా వస్తోంది. బౌల్బీ చెప్పింది వీళ్లకు ఎంత వర్తిస్తుంది? ఆనర్స్‌ ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి ప్రశ్న నాకు తట్టడం లేదు. కుటుంబాల అనుమతి తీసుకుని, పేర్లు బయటపెట్టకుండా, ఈ పని రాజంపేట పిల్ల చేసినంత బాగా ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లు చేయలేరు. నెట్‌ రాసి జేఆర్‌ఎఫ్‌ తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో ఇదే అంశం మీద పీహెచ్‌డీ చేయవచ్చు.

మనసు బాగాలేని వాళ్ల దగ్గరికి పోవడం ఇష్టంలేని వాళ్లకూ ఈ డిగ్రీ పనికొస్తుంది. ఎంబీఏ చేసి కంపెనీల్లో మానవ వనరుల విభాగాలకు వెళ్లేవాళ్లున్నారు. సైన్యం ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ బోర్డుల్లో సైకాలజిస్టులుంటారు. సివిల్స్‌ మెయిన్స్‌లో సైకాలజీ ఆప్షనల్‌గా ఉంది. మొబైల్‌ యాప్‌ను మనుషులు ఎలా వాడుతున్నారో పరిశీలించే ఉద్యోగాలు హైదరాబాద్‌, బెంగళూరు కంపెనీల్లో ఉన్నాయి, అక్కడ మీ గణాంకాలే మీకు అన్నం పెడతాయి.

మీకు నప్పుతుందా?

సలహాలివ్వడం ఇష్టమని ఈ చదువుకు వచ్చేవాళ్లు త్వరగా విసిగిపోతారు. ఇక్కడ పనల్లా వినడం. ఒకే మాట పదోసారి చెప్తున్న మనిషిని మొదటిసారి విన్నట్టు వినగలగాలి. తన బాధకు మందు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు మరికొందరు. బాధ ఉంటే ఈరోజే 14416కు ఫోన్‌ చేయండి, డాక్టరును కలవండి. మూడేళ్ల సిలబస్‌ దానికి వైద్యం కాదు.

మూడోది మన ఊరికే ప్రత్యేకమైన చిక్కు. రాజంపేటలో అందరికీ అందరూ తెలుసు. మీ దగ్గరికి వచ్చిన ఆవిడ మీ అత్తమ్మకు వరసయ్యే మనిషి కావచ్చు. సాయంత్రం పెళ్లిలో అదే ఆవిడ ఎదురుపడితే తెలిసినట్టు కనిపించకూడదు. అమ్మ "ఆ పాప మీ ఆఫీసుకు ఎందుకొచ్చింది?" అని అడిగితే చెప్పకూడదు. దగ్గరి బంధువులకు కౌన్సెలింగు మీరే చేయకూడదు, ఇంకొకరి దగ్గరికి పంపాలి. దర్గాకో, అంత్రం కట్టించడానికో ముందు పోయి, ఆ తర్వాత మీ దగ్గరికి వచ్చినవాళ్లను ఎగతాళి చేయకూడదు. వాళ్ల నమ్మకాన్ని వాళ్లకు వదిలి, మందులు మాత్రం మానొద్దని ఒప్పించాలి. నోరు జారే అలవాటున్నవాళ్లు ఈ ఊళ్లో ఈ వృత్తి చేయలేరు.

ఇంట్లో చెప్పాల్సింది ఇప్పుడు తేలిపోయింది. "డిగ్రీకి మూడేళ్లో నాలుగేళ్లో పడుతుంది నాయనా, పీజీకి రెండేళ్లు. ఆసుపత్రిలో పనిచేయాలంటే ఇంకో రెండేళ్లు. మధ్యలో ఆపాల్సి వస్తే స్పెషల్‌ బీఈడీ చేసి టీచర్‌గా చేరతా." కాగితం మీద ఏడేళ్ల ఖర్చు రాసి, ఫీజు రీయింబర్స్‌మెంటు దేనికి వస్తుందో దేనికి రాదో కాలేజీలో కనుక్కుని, ఆ కాగితం నాన్న ముందు పెట్టండి. దానికంటే ముందు ఈ వేసవిలోనే మీ మండలం భవిత కేంద్రానికి వెళ్లి, అక్కడి టీచరును అడిగి, కొన్ని రోజులు పిల్లల మధ్య కూర్చోండి. మర్నాడు మళ్లీ వెళ్లబుద్ధి అయితే దరఖాస్తు పెట్టండి. కాకపోతే వేరే సబ్జెక్టు తీసుకోండి, గడువు ఇంకా ఉంటుంది.